గైడుగారి క్యాలెండర్లు

నాకు నేనే గైడునని తెలిసిన రోజున ఆ పరాయి దేశపు ఊళ్ళో ఎండ కాసింది. ఈ రెండింటిలో నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది ఎండే. అక్టోబరులో దిగినప్పటి నుంచి నేను సూర్యుణ్ణి చూడలేదు. కిటికీలోంచి పలకంత వెలుతురు బల్ల మీద పడితే ఎడమ చెయ్యి అందులో పెట్టుకుని, కుడిచేత్తో కంప్యూటర్లో విశ్వవిద్యాలయం వారి ఉత్తరం తెరిచాను.

"ప్రియమైన మిస్టర్ సోమసుందరం! మీ పరిశోధనాంశంలో అర్హులైన నిపుణుల కోసం మేము ప్రపంచవ్యాప్తంగా జరిపిన అన్వేషణ ఫలించిందని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. డాక్టర్ ముక్కామల గారిని మీ పర్యవేక్షకులుగా నియమించడమైనది. వారితో సత్సంబంధాలు నెలకొల్పుకోగలరు."

ముక్కామల మా ఇంటిపేరు. సోమసుందరం నా పేరు. దరఖాస్తులో మనం రాసుకునే వరసలోనే ముక్కామల సోమసుందరం అని రాశాను. వాళ్ళ దేశంలో ఇంటిపేరు చివర ఉంటుంది కనక కంప్యూటరు నా పేరును ఇంటిపేరు చేసి, ఇంటిపేరును నా పేరు చేసి, నన్ను మిస్టర్ సోమసుందరం అని చేర్చుకుంది. ఇరవై ఏళ్ళ కిందట తణుకులో మూడు వందల కాపీలు అచ్చు వేయించిన మా ఇంగ్లీషు పుస్తకం మీద మాత్రం, ప్రెస్సాయన నాగరికంగా ఉంటుందని సోమసుందరం ముక్కామల అని తిప్పి వేశాడు. ప్రపంచం మొత్తం మీద ఈ విషయంలో ఉన్నది ఆ ఒక్క పుస్తకమే. కాబట్టి ప్రపంచం మొత్తం మీద ఉన్న నిపుణుడు డాక్టర్ ముక్కామల. ఆ డాక్టరు పట్టా వాళ్ళే ఇచ్చారు. నేను దానికోసమే మూడేళ్ళు చదవడానికి వచ్చాను.

విషయం ఏమిటంటే, వడియాలు.

నవ్వకండి. గోదావరి జిల్లాల్లో ఆడవాళ్ళు వడియాలు పెట్టాలంటే వరసగా మూడు రోజులు ఎండ ఉంటుందని ముందే తెలియాలి. మా ఆవిడ హైమవతి తెల్లవారుజామున ఉప్పు జాడీలో వేలు పెట్టి చూసేది, తూనీగలు ఎంత ఎత్తున ఎగురుతున్నాయో చూసేది, ఆ తర్వాత వంటింటి గోడకున్న క్యాలెండరులో ఆ తేదీ గడిలో ఒక ముక్క రాసేది. నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. కాలేజీ వర్షమాపకం నా చేతిలోనే ఉండేది. ఒక వేసవి సెలవుల్లో తోచక ఆవిడ క్యాలెండరునూ నా వర్షమాపకాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. ఆ ఏడాది ఆవిడ తప్పింది రెండుసార్లు. అందులో ఒకసారి నేనే మేడ మీద వర్షమాపకం పక్కనున్న కుళాయి కట్టెయ్యడం మరిచిపోయాను.

అలా పుట్టింది ఆ పుస్తకం. అట్ట మీద నా పేరు వేలెడంత అక్షరాల్లో వేశారు. దాని కింద, చీమలు పాకినట్టు, ఆవిడ పేరు. అప్పుడది సబబుగానే తోచింది. ఆవిడ కూడా "నా పేరెందుకండీ, వడియాలు పెట్టుకునేదాన్ని?" అంది. ఇప్పుడు ఆవిడ లేదు. ముప్పై ఒక్క క్యాలెండర్లు ఉన్నాయి. కాగితం అంచులు రాలిపోతున్నాయి. ఇళ్ళలోని వాతావరణ జ్ఞానం మీద పరిశోధన చేసేవారు కావలెనని ఈ విశ్వవిద్యాలయం ప్రకటన వేస్తే, అరవై రెండేళ్ళ వయసులో దరఖాస్తు పెట్టాను. పాత కాగితాన్ని నలపకుండా ఫొటో తీసే యంత్రం ఇక్కడి లైబ్రరీలో ఉంది. రోజుకు ఒక్క పేజీ కంటే తియ్యనివ్వరు. మొత్తం అయ్యేసరికి ఏడాది పైన పడుతుంది. ఈలోగా నన్ను పంపేస్తే క్యాలెండర్లు మళ్ళీ సూట్‌కేసులోకి వెళతాయి, అక్కణ్ణించి పొడిలోకి.

పంపెయ్యడానికి అక్కడ ఒక నియమం ఉంది. బయటి దేశం నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థి పదిహేను రోజులకొకసారి గైడును కలిసినట్టు పత్రం దాఖలు చెయ్యాలి. వరసగా రెండు పత్రాలు లేకపోతే మనిషి కనిపించడం లేదని వీసా వాళ్ళకు తెలియజేస్తారు, వాళ్ళు విమానం ఎక్కిస్తారు. సొంత దేశపు విద్యార్థి ఏడాదిపాటు కనిపించకపోతే మాత్రం ఆలోచిస్తున్నాడని అర్థం. నన్ను చేర్చుకున్న ప్రొఫెసరుగారు నేను దిగిన వారానికే ఇంకో దేశంలో మంచి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయారు. అప్పటికే ఒక పత్రం తప్పింది.

ఈ పత్రాల విభాగానికి అధికారిణి మిసెస్ ఫెన్విక్. తెల్లటి జుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు. నేను వెళ్ళి సంగతి చెప్పాను.

"ఆ డాక్టర్ ముక్కామలను నేనేనండీ."

ఆవిడ కంప్యూటరు చూసింది, నన్ను చూసింది. "మిస్టర్ సోమసుందరం, వ్యవస్థలో మీరిద్దరూ రెండు వేరు వేరు నమోదులు. ఒక నమోదు మరొక నమోదు అని ప్రకటించే అధికారం నమోదుకు లేదు."

"ముఖం ఒకటే కదండీ?"

"రూపంలో పోలిక అనర్హత కాదు," అంది దయగా. "అలాంటి వివక్ష మా విశ్వవిద్యాలయం ఎన్నటికీ పాటించదు."

నాకు రెండు గుర్తింపు కార్డులు ఇచ్చారు. విద్యార్థిగా వెళితే ఆవిడ గదిలో చెక్క కుర్చీ. గైడుగా వెళితే దిండున్న కుర్చీ, టీ, ఒక బిస్కెట్టు. చలి బాగా ఉన్న రోజుల్లో నేను గైడుగానే వెళ్ళేవాణ్ణి.

పదిహేను రోజులకొకసారి నేను నన్ను కలుసుకునేవాణ్ణి. సులభమని అనుకోకండి. పత్రంలో గైడు సూచనలు ఒక గడిలో, విద్యార్థి తీసుకున్న చర్య ఇంకో గడిలో రాయాలి. ఫిజిక్సు చెప్పినవాణ్ణి కనక దొంగలెక్క వెయ్యలేను. మా వసతి గృహం వంటగదిలో ఒక కుర్చీలో కూర్చుని అడిగేవాణ్ణి, ఎదురు కుర్చీలోకి మారి జవాబు చెప్పేవాణ్ణి. ఒకసారి అలా మారుతుంటే రజిత వచ్చింది. రజిత జనగామ కాలేజీలో జంతుశాస్త్రం లెక్చరరు. నలభై దాటాక సెలవు పెట్టి నత్తల మీద పరిశోధనకు వచ్చింది. నా పక్క గదే.

"ఏంది సారూ, ఒక్కరే మాట్లాడుకుంటున్నరు? పానం మంచిగ లేదా?"

"మీటింగులో ఉన్నానమ్మా. మా గైడుగారు రెండో అధ్యాయం బాగాలేదంటున్నారు."

సంగతంతా విని గ్యాసు పొయ్యి ఆపేసి మరీ నవ్వింది. "మీ అదృష్టం సారూ. నా గైడు మొఖం జూసి నాలుగు నెలలైతాంది. మెయిల్ పెడితే బయట ఉన్న అంటడు. నత్తలే నయం, పిలిస్తే తల బయటికి పెడతయి."

"మరి మీ పత్రాలో?"

"దొంగ సంతకం నాకు రాదు. ఆయన గది ముంగట నిలబడి, తలుపుతోని ఫొటో దిగి పెడతున్న. తలుపును కలిసినట్టు లెక్క."

ఫిబ్రవరిలో గైడుల పనితీరు మీద అభిప్రాయ సేకరణ వచ్చింది. వివరాలు రహస్యంగా ఉంచబడును అని ఉంది. రహస్యం అన్నారు కదా అని నిజం రాశాను. 'మా గైడుగారు మంచివారే కాని కాస్త బద్ధకస్తులు. మధ్యాహ్నం భోజనమయ్యాక నిద్రపోతారు. పొగడ్త అంటే చెవి కోసుకుంటారు. భార్య చేసిన పనికి తన పేరు పెద్ద అక్షరాల్లో వేయించుకున్నారు.'

మూడో రోజున ఇద్దరికీ తాఖీదులు వచ్చాయి. విద్యార్థి పేర వచ్చిన దాంట్లో, మీరు ధైర్యంగా ముందుకు వచ్చినందుకు అభినందనలు అని ఉంది. గైడు పేర వచ్చిన దాంట్లో, మీపై తీవ్రమైన ఆరోపణలు అందినవి, విచారణ ముగిసేవరకు ఫిర్యాదుదారుతో ఏ రూపంలోనూ సంబంధం పెట్టుకోరాదు అని ఉంది.

నేను దానికి కట్టుబడ్డాను. ఆ పక్షం పత్రం పెట్టలేదు, పది రోజులు అద్దం చూసి గడ్డం గీసుకోలేదు.

విచారణకు డీన్ గారే కూర్చున్నారు. ప్రొఫెసర్ గ్రాంథం. ఆరడుగుల మనిషి, ఏం మాట్లాడినా తీర్పు భాషే. ఉదయం ఫిర్యాదుదారును విన్నారు, మధ్యాహ్నం నిందితుణ్ణి విన్నారు. నడుమ భోజనానికి నేను రెండు వేరు వేరు బల్లల దగ్గర కూర్చోవాలన్నారు. పప్పు ఒక బల్ల మీద, రొట్టె ఒక బల్ల మీద తిన్నాను. ఉదయపు గడ్డాన్ని చూసి డీన్ గారు "మానసిక వేదన స్పష్టంగా కనిపిస్తున్నది" అన్నారు. అదే గడ్డాన్ని మధ్యాహ్నం చూసి "నిర్లక్ష్య వైఖరి స్పష్టంగా కనిపిస్తున్నది" అన్నారు.

సాయంత్రం ఫెన్విక్ గారు తీర్పు చదివింది.

"ఉభయుల వాంగ్మూలాలు పరిశీలించిన మీదట, డాక్టర్ ముక్కామల తమపై వచ్చిన ఆరోపణలన్నీ అంగీకరించారు. అంతకంటే గంభీరమైన విషయం, పర్యవేక్షకులూ విద్యార్థీ ఒకే చిరునామాలో నివసిస్తున్నట్టు తేలినది. విద్యార్థి సంక్షేమం దృష్ట్యా డాక్టర్ ముక్కామలను తక్షణం తొలగించడమైనది."

"మరి నా సంగతేమిటండీ?"

"మీకు న్యాయం జరిగింది, మిస్టర్ సోమసుందరం. అయితే ఇప్పుడు మీకు పర్యవేక్షకులు లేరు. శుక్రవారం లోపల లేకపోతే రెండో పత్రం కూడా తప్పినట్టే. వీసా శాఖకు తెలియజేయక తప్పదు."

అది సోమవారం. క్యాలెండర్లలో ఫొటో తీసినవి తొమ్మిది. ఆ రాత్రి వంటగదిలో రజిత నా కంచంలో చింతపండు చారు పోసి, "ఆ పుస్తకం మీద ఇంకెవరి పేరన్న ఉందా సారూ?" అని అడిగింది.

ఉంది అన్నాను.

మంగళవారం పొద్దున చెక్క కుర్చీలో కూర్చున్నాను. ఫెన్విక్ గారు అప్పటికే లైబ్రరీ జాబితా తీసి పెట్టుకుంది. "రెండో నిపుణురాలు డాక్టర్ హైమవతి ముక్కామల. మీకు బంధువా?"

"నా భార్యండీ."

కలం ఆగింది. "పద్నాలుగో నిబంధన. జీవిత భాగస్వామి పర్యవేక్షణ నిషిద్ధం."

"ఆవిడ పోయి ఆరేళ్ళయింది."

ఫెన్విక్ గారు కళ్ళజోడు తీసింది. తర్వాత లేచి వెళ్ళి టీ తెచ్చింది. చెక్క కుర్చీలో నాకు టీ దొరకడం అదే మొదటిసారి. బిస్కెట్లు రెండు. నేను ఒకటి తినేదాకా ఆగి, కళ్ళజోడు పెట్టుకుంది.

"మీ చేరిక పత్రంలో వైవాహిక స్థితి దగ్గర ఏమి రాశారు?"

"భార్య లేరు అని."

"అంటే ప్రస్తుతం మీకు జీవిత భాగస్వామి లేరు. లేని భాగస్వామితో బంధుత్వ దోషం ఉండదు. ఇంటిపేర్లు కూడా కలవడం లేదు. ఆవిడ ముక్కామల, మీరు సోమసుందరం. ఇక అనర్హతల జాబితా: దివాలా, క్రమశిక్షణ చర్య, బంధుత్వం, ఒకే చిరునామా." కాగితం తిప్పి వెనక కూడా చూసింది. "మరణం లేదు."

"చేర్చడం మరిచిపోయి ఉంటారండీ."

"లేనిదాన్ని చేర్చే అధికారం నాకు లేదు. అది సెనేటు పని, సెనేటు మేలో కూర్చుంటుంది." గొంతు కొంచెం తగ్గించింది. "ఒక ప్రశ్న అడగక తప్పదు. ప్రస్తుతం మీరిద్దరూ ఒకే చిరునామాలో ఉంటున్నారా?"

ఆరేళ్ళలో ఎందరో పరామర్శించారు. ఇంత సూటిగా ఎవరూ అడగలేదు.

"లేదండీ," అన్నాను.

ఆవిడ టిక్కు పెట్టింది. చాలా నెమ్మదిగా పెట్టింది.

"చివరిది. పర్యవేక్షకులు స్వదస్తూరీతో, తేదీ వేసి, క్రమం తప్పకుండా సూచనలు ఇవ్వగలరా?"

"ముప్పై ఒక్క ఏళ్ళవి నా సూట్‌కేసులో ఉన్నాయండీ."

"పత్రంలో తేదీ, నెల అడుగుతారు," అంది ఫెన్విక్ గారు పత్రాన్ని పరీక్షగా చూస్తూ. "సంవత్సరానికి గడి లేదు."

అలా మా ఆవిడ నాకు గైడయింది. శుక్రవారం నాడు మొదటి పత్రం పెట్టాను. ఆ తేదీకి ఒక పాత క్యాలెండరు గడి ఫొటో అంటించి, కింద అనువాదం రాశాను. ఒక్క ముక్క కలపలేదు, తీసెయ్యలేదు. 'ఉప్పు చెమ్మగిల్లింది. ఇవాళ మొదలెట్టకూడదు.' ఫెన్విక్ గారు పక్కన రాసింది: విద్యార్థి తొందరపాటును సకాలంలో నివారించారు.

మార్చి పద్దెనిమిది: 'పిండి పల్చనైంది. మళ్ళీ రుబ్బాలి.' విభాగం వ్యాఖ్య: వాదన చిక్కబడాలని సూచించారు. విద్యార్థి తీసుకున్న చర్య అన్న గడిలో నేను, మూడో అధ్యాయం మళ్ళీ రాశాను అని నింపాను. నిజంగానే రాశాను. నిజంగానే పల్చగా ఉంది.

ఏప్రిల్ రెండు: 'కాకులు ఎక్కువ. ఎవరో ఒకరు కాపలా ఉండాలి.' దాన్ని డీన్ గారు స్వయంగా మెచ్చుకున్నారు. ఇతరుల రచనలు ఎత్తుకుపోయే వారి విషయంలో ఇంత క్లుప్తంగా, ఇంత బలంగా హెచ్చరించిన పర్యవేక్షకులను తన వృత్తిజీవితంలో చూడలేదని, అన్ని విభాగాలకూ ఆ వాక్యం పంపారు. గ్రంథాలయం గుమ్మం దగ్గర పెద్ద అక్షరాల్లో అతికించారు కూడా.

మేలో సెనేటు కూర్చుంది. అనర్హతల జాబితాలో మరణం చేర్చాలా అన్న చర్చ వచ్చింది. చేరిస్తే ఇప్పుడున్న పర్యవేక్షకుల్లో ఎందరికి వర్తిస్తుందో ముందు తేల్చాలని ఒక కమిటీ వేశారు. కమిటీ మెయిల్ పెట్టి జవాబు రానివారిని లెక్కబెడుతోందని విని రజిత సంబరపడింది.

"నా గైడు గా లిస్టుల ఫస్టుంటడు సారూ." ఆ తర్వాత కాస్త బిడియంగా, "అమ్మగారి కింద ఇంకో సీటు ఖాళీ ఉంటదా? నత్తలకు గూడ వాన ముందే ఎరుకైతది గదా" అంది.

ఫెన్విక్ గారిని అడిగాను. ఒక పర్యవేక్షకురాలికి ఆరుగురు విద్యార్థుల వరకు అనుమతి ఉంది. నత్తలు తూనీగల పక్కనే ఎక్కడో ఉంటాయి కనక అంశం దగ్గరదేనని తేలింది. రజిత పత్రాలు నేనే అనువదించి పెట్టేవాణ్ణి. 'మబ్బు విడిచింది. కానివ్వచ్చు' అన్న గడి వచ్చిన రోజున ఆ అమ్మాయి నాలుగు నెలలుగా ఆగిపోయిన అధ్యాయం రాయడానికి కూర్చుంది.

ఒక గురువారం సాయంత్రం ఫెన్విక్ గారు మా వసతి గృహానికి వచ్చింది. చేతిలో ఏ పత్రమూ లేదు.

"ఇది అధికారిక విషయం కాదు, మిస్టర్ సోమసుందరం. రేపు దుప్పట్లు ఉతకాలనుకుంటున్నాను. డాక్టర్ ముక్కామల అభిప్రాయం ఏమై ఉంటుందో?"

వంటగదిలోకి వెళ్ళి ఉప్పు డబ్బాలో వేలు పెట్టి చూశాను. "రేపు వద్దంటారు. ఎల్లుండి."

శుక్రవారం కుండపోతగా కురిసింది. శనివారం ఆవిడ పెరట్లో దుప్పట్లు ఎగురుతున్న ఫొటో పంపింది. కింద 'మీ పర్యవేక్షకులకు నా కృతజ్ఞతలు' అని. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మూడేళ్ళకు పరిశోధన పూర్తయింది. ముప్పై ఒక్క క్యాలెండర్లూ లైబ్రరీలో, చెమ్మ తగలని గదిలో, ఒక్కొక్కటి ఒక్కొక్క పెట్టెలో ఉన్నాయి. ఒక ఉప్పు జాడీ కోసం ఇన్ని పత్రాలు పెట్టించినందుకు నాకు ఆ విశ్వవిద్యాలయం మీద కోపం లేదు. ఇంకో చోట అయితే మొదటి రోజే నా మాట నమ్మి, నన్ను విమానం ఎక్కించేవారు.

పట్టాలిచ్చే రోజున ఉత్తమ పర్యవేక్షక పురస్కారం కూడా ప్రకటిస్తారు. అంకెలన్నీ కంప్యూటరే తీస్తుంది. రద్దయిన సమావేశాలు: సున్నా. ఆలస్యమైన సూచనలు: సున్నా. విద్యార్థుల ఫిర్యాదులు: సున్నా. అనవసరపు మెయిళ్ళు: సున్నా. విశ్వవిద్యాలయ చరిత్రలో ఇన్ని సున్నాలు ఎవరికీ రాలేదు.

డీన్ గారు మైకు ముందు నిలబడ్డారు. "డాక్టర్ హైమవతి ముక్కామలతో అనేక అంతర్జాతీయ వేదికలపై సన్నిహితంగా సంభాషించే భాగ్యం నాకు కలిగినది. మితభాషిణి. ప్రచారానికి ఆమడ దూరం. నేడు కూడా ఆవిడ ఈ వేదికకు దూరంగా ఉండటం ఆవిడ నమ్రతకు నిదర్శనం."

ఆవిడ గుణాల్లో మితభాషిణి అన్నది ఒక్కటి అబద్ధం. తక్కినవి నిజమే.

చప్పట్ల మధ్య ఆవిడ తరఫున నేనే వెళ్ళి జ్ఞాపిక అందుకున్నాను. నా పట్టా కూడా ఇచ్చారు. ఎలా వేశారో ఏమో, పర్యవేక్షకుల పేరు పైన వేలెడంత అక్షరాల్లో ఉంది. దాని కింద, చీమలు పాకినట్టు, విద్యార్థి పేరు. ముందు వరసలో రజిత నిలబడి ఈల వేసింది. పక్కనున్న ఫెన్విక్ గారు ఈల మీద నిబంధన ఏదైనా ఉందేమోనని ఒక్క క్షణం ఆలోచించి, చప్పట్లు కొట్టింది.

ఆ సాయంత్రం చివరి పత్రం దాఖలు చెయ్యాల్సి ఉంది. తేదీ మే ఇరవై ఆరు. లైబ్రరీకి వెళ్ళి ఒక పెట్టె అడిగాను. ఏ ఏడాదిదైనా ఫరవాలేదన్నాను. చేతికి వచ్చింది మా పెళ్ళయిన నాలుగో ఏడాదిది. ఆ గడిలో చిన్న అక్షరాలతో ఇలా ఉంది: 'ఎండ బాగుంది. ఆయన సాయం వస్తానన్నారు. రాలేదు. నేనే పెట్టేశాను.'

ఉన్నదున్నట్టు అనువదించాను. విద్యార్థి తీసుకున్న చర్య అన్న గడి దగ్గర చాలాసేపు కూర్చుని, 'ఆలస్యంగా వచ్చాను' అని రాశాను.

ఫెన్విక్ గారు రెండుసార్లు చదివింది. గైడుగా ఉన్నప్పటి దిండు కుర్చీ నా వైపు జరిపి, సంతృప్తికరం అని ముద్ర వేసింది.